వేషము తీసివేసిన పిమ్మట

ఒక రాత్రియు, ఆ రాత్రి తెల్లవారిన ఉదయమును జరిగిన రెండు చిన్న సంగతులు ఒకదానితో నొకటి పొసగక మా మనస్సున చాల దినములుగా నిలిచియున్నవి. వానిని పాఠకులముందు పెట్టుటకే యీ వ్యాసము.

దాచేపల్లిలో తిరునాళ్లకు సత్యహరిశ్చంద్ర నాటకము ఆడించిరి. పత్తి యమ్మకములు ముగిసి, మిరపకాయ కళ్లములలో ఎండుచున్న దినములు. చేతిలో నాలుగు రూకలాడు కాలము గనుక చందాలు బాగుగనే వచ్చినవి. చంద్రమతి వేషము కట్టినది ఏబది యేండ్లు పైబడిన పురుషుడు. పగటివేళ ఆయన కాఫీ హోటలు ముందు బల్లమీద కూర్చుండి బీడీ కాల్చుకొనుచుండగా మేము చూచియుంటిమి. రాత్రి రెండు గంటలకు లోహితాస్యుని ఒడిలో పెట్టుకొని ఆయన పద్యమెత్తుకొనగానే మా ప్రక్కనున్న ముసలమ్మ కొంగు నోట గ్రుక్కుకొని యేడ్చినది. ఊరిలో పేరున్న వర్తకులొకరు వేదిక నెక్కి, ఆ చీర భుజమునకు ఐదువందల రూపాయల నోటు పిన్నీసుతో గ్రుచ్చి, ‘అమ్మా, నీకు దండం’ అనిరి. అయ్యా యనలేదు, అమ్మా యనియే యనిరి. జనమంతయు చప్పట్లు కొట్టినది.

తెల్లవారి నడికుడి స్టేషనులో సికింద్రాబాదు పోవు బండిలో ఆ వర్తకులును మేమును ఒకే పెట్టెలో ఎక్కితిమి. రెండు స్టేషనులు దాటిన పిమ్మట ఇద్దరు హిజ్రాలు చప్పట్లు చరచుచు వచ్చిరి. అందొకరు వర్తకులముందు నిలిచి, తలమీద చేయి పెట్టి దీవింపబోయిరి. ఆయన ఆ చేతిని విదలించి కొట్టిరి. ‘ఛీ, ముట్టుకోకు. ఏం పుట్టుకలో ఏమో’ అని తుడుచుకొనిరి. ఆమె యేదో యనబోయి మానుకొని, ముందునకు సాగిపోయినది.

రాత్రి ఆ పెద్దమనిషి కన్నుల నీరు మేము చూచితిమి; అది దొంగనీరు కాదు. ఉదయపు ఏవగింపును దొంగయేవగింపు కాదు. ఆయనను నిందించుటకు మాకు హక్కును లేదు, ఏలనన మేము పత్రికను పైకెత్తి మొగము దాచుకొంటిమి. కాని రెండింటిలోను చీర యొక్కటే గదా, ఒకచోట దండమేల, మఱొకచోట విదలింపేల యను ప్రశ్న మాత్రము బండి దిగినను దిగలేదు.

గుంటూరు మండలమువారికి స్త్రీవేషమనగానే తోచు పేరు స్థానం నరసింహారావుగారిది. ఆయన 1902లో బాపట్లలో జన్మించిరి. 1921లో ఆ యూరనే హరిశ్చంద్ర నాటకమున చంద్రమతి వేషధారి సమయమునకు రాకపోగా, ఆ పాత్రను ధరించి రంగమెక్కిరి. అది మొదలు దాదాపు నలువది యేండ్లు సత్యభామ, చిత్రాంగి, దేవదేవి, రోషనార, మధురవాణి వారి దేహమున నివసించిరి. తెనాలి రామవిలాస సభ పేరు వారి పేరుతో కలిసి దేశమంతట మ్రోగినది. 1956లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చినది. ‘నటస్థానం’ అను పేర తమ యనుభవములను వారే గ్రంథస్థము చేసి, 1971లో గతించిరి. మహారాష్ట్రమున బాలగంధర్వులకును, గుజరాతున జయశంకర్ సుందరికిని ఇట్టి గౌరవమే దక్కినది.

కూచిపూడి సంగతి వేఱు చెప్పనక్కఱలేదు. భామాకలాపమున సత్యభామ తెరవెనుక నిలిచి, తన పొడవాటి జడను తెరమీదుగా సభవైపు వేయును. తనతో పోటీకి రాగలవా రున్నారాయని ఆ జడ యడుగును. ఆ జడ వేసినవారు తరతరములుగా పురుషులు. అక్కడి కుటుంబములలో పుట్టిన ప్రతి మగవాడును జీవితమున నొక్కసారియైన సత్యభామ వేషము కట్టవలయునని సంప్రదాయము. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) ఆ వేషమున నడచివచ్చుచుండగా తామే నడక నేర్చుకొనవలసియున్నదని గృహిణు లనుకొనిరని పెద్దలు చెప్పుదురు. వారికిని 1970లో పద్మశ్రీ వచ్చినది. తిరుపతి గంగమ్మ జాతరలో నన్ననో, ఏ కళావిద్యయు లేని సామాన్య గృహస్థులు, ఆటో నడుపువారు, కూలివారు, మ్రొక్కుకొని చీర కట్టి, జడ వేసి, నగలు పెట్టి వీథులలో నడచుదురు. భార్యలే దగ్గరనుండి అలంకరింతురు. నవ్వువా రుందురు గాని, ఏవగించువారు లేరు.

పురుషుడు స్త్రీవేషము కట్టుట యెట్లు వచ్చినదని యడిగినచో మన సంస్కరణవాదుల పద్దు కూడ తీయవలసివచ్చును. వీరేశలింగము పంతులుగారు 1880లో రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచేత నాటకమాడించినవారు. వేశ్యల మేజువాణిని తీవ్రముగా ఖండించినవారును వారే. ఆ ఖండనకు కారణములు లేకపోలేదు. కాని దాని ఫలితమేమి? ఆట, పాట, అభినయము తరతరములుగా నేర్చిన కళావంతుల స్త్రీలకు సభలో చోటు పోయినది. 1947లో మద్రాసు శాసనము దానికి ముద్ర వేసినది. సంసారి స్త్రీ రంగమెక్కుట నింద యని మఱొకవైపు కట్టడి. వచ్చినవారిని వెళ్లగొట్టి, ఇంటివారిని రానీయక, మిగిలిన ఖాళీలో మగవానికి చీర కట్టితిమి. 1885లో పుట్టిన సురభివారు మాత్రము తమ యింటి స్త్రీలనే రంగమెక్కించిరి. మొదటి తెలుగు టాకీ యగు భక్తప్రహ్లాదలో లీలావతి యైనది ఆ సురభి కమలాబాయియే. తక్కినవారము స్త్రీని దూరముంచి స్త్రీత్వమును మాత్రము దీపములముందు నిలుపుకొంటిమి. ఇది స్థానంవారి కళకు తక్కువ కాదు. ఆ కళను మెచ్చిన మన మెప్పులో నేమేమి కలిసియున్నదో తెలియుటకు చెప్పితిమి.

సంస్కృతము చదువుకొన్నవారి చేతులకు చిన్ననాట నంటిన గ్రంథము అమరకోశము. అందు స్త్రీవేషధారి యగు నర్తకునికి భ్రకుంసుడు, భ్రుకుంసుడు, భ్రూకుంసుడు అని మూడు పేర్లు. ఇవి నాట్యవర్గములోనివి. నాట్యవర్గ ముండునది ప్రథమకాండమున, అనగా స్వర్గముతోడను దేవతలతోడను. పుట్టుకచేతనో స్వభావముచేతనో స్త్రీపురుషులలో నిమడనివారిని చెప్పు ‘తృతీయాప్రకృతి’ యను మాటయో, ద్వితీయకాండమున, మనుష్యవర్గమున నున్నది. చిన్నప్పుడు వల్లెవేయుచు మేమిది గమనింపలేదు. ఇప్పుడు చూడగా, వేషగాడు స్వర్గమున, మనిషి మట్టిమీద! అమరసింహునికి దురుద్దేశ మున్నదని మే మనము. కోశకర్త సరకును అరలలో సర్దినాడు, అంతే. ఆ యరల నడుమ గోడ కట్టుకొన్నది మనము. (వ్యాకరణము చెప్పువారము గనుక మఱొక మాట: ఏకవచనమున స్త్రీని పశువుతోను రాతితోను కలిపి అమహత్తు చేసిన భాష మనది. అరల విషయమున మనము గర్వింప దగినవారము కాము.)

ఆ గోడ కేవలము మనస్సులోనిదే కాదు, చట్టములోను ఎక్కినది. ఆంగ్లేయుల 1871 నాటి నేరజాతుల శాసనమున రెండవ భాగము ‘నపుంసకుల’ను గుఱించినది. దాని పోలికమీదనే హైదరాబాదు సంస్థానమున 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, ఒక శాసనము పుట్టినది. దాని ప్రకారము వీరి పేర్లను పట్టికలో నెక్కింతురు. పట్టిక కెక్కినవారు స్త్రీవస్త్రములతో వీథిలో కనబడినను, ఆడినను, పాడినను, వారంటు లేకయే పట్టుకొనవచ్చును, రెండేండ్ల వఱకు చెఱలో వేయవచ్చును. తేదీలను పాఠకులు ప్రక్కప్రక్కన పెట్టి చూతురుగాక. 1919 ప్రాంతమున కృష్ణ కావలియొడ్డున చీర కట్టి ఆడుట నేరము. 1921లో కృష్ణ కీవలియొడ్డున, బాపట్లలో, చీర కట్టి ఆడిన యువకునికి చప్పట్లు. అదే భాష, అదే చీరకట్టు. ఆ హైదరాబాదు శాసనమును తెలంగాణ ఉన్నత న్యాయస్థానము 2023లో కొట్టివేయువఱకు అది పుస్తకములో నుండెను.

ఇచ్చట మా మిత్రులొకరు లేవదీసిన యాక్షేపణ గట్టిదే. ‘రంగముమీద హంతకుని పాత్రను అద్భుతముగా నభినయించిన నటునికి చప్పట్లు కొట్టుదుము. అంతమాత్రమున వీథిలోని హంతకునికి దండ వేయవలయునా? నటనను మెచ్చుట వేఱు, నటింపబడినదానిని మెచ్చుట వేఱు’ అని వారనిరి. మేము రెండు దినములు దీనికి జవాబు చెప్పలేకపోతిమి.

తరువాత తోచిన జవాబిది. హంతకుడు మఱొకని ప్రాణము తీసినాడు. చీర కట్టుకొని నడచినవారు ఎవరి సొమ్ము తీసిరి? అది యట్లుండ, అసలు భేదము మఱొకచోట నున్నది. దుష్టపాత్ర నభినయించు నటుని మెచ్చునప్పుడు, ఆ చెడుగు మనకు నచ్చకున్నను నేర్పును మెచ్చుచున్నాము. సత్యభామ వేషము మెచ్చునప్పుడు మనకు నచ్చినది నేర్పు మాత్రమే కాదు. ఆ నడకయే నచ్చినది, ఆ కనుబొమయే నచ్చినది, మగదేహమున పుట్టిన ఆ మార్దవమే నచ్చినది. దానిని చూచుటకే పది మైళ్లు బండి కట్టుకొని పోయితిమి. ఏది మనకు రంగముమీద ఆనందమిచ్చినదో అదే రైలులో చేయి చాపినప్పుడు విదలించితిమి. కావున భేదము నటనకును నిజమునకును కాదు. నటునితో మనకొక మాటలేని యొడంబడిక కలదు: నీవు తెల్లవారి చీర విప్పెదవు, ఇంటికి పోయి భార్యకు భర్తవయ్యెదవు. ఆ హామీ యున్నంతవఱకు ‘అమ్మా’ యనుటకు మనకు నోరు వచ్చును.

అందుచేతనే స్త్రీపాత్రధారులను గుఱించి వ్రాసినవారు తఱచుగా ఒక వాక్యము చేర్చుదురు: ‘ఆయన వేషము తీసినచో సంపూర్ణ పురుషుడు, సంసారి.’ స్థానంవారినిగాని శర్మగారినిగాని మఱొకవిధముగా ఊహించుట మా యుద్దేశము కాదు. వారి గృహజీవితము వారిది, కళ మనది. కాని ఆ వాక్యమును వ్రాయవలసిన యక్కఱ యేమున్నది? వీణావాదకుని గుఱించి ‘ఇంటివద్ద సంపూర్ణ పురుషుడు’ అని యెవరును వ్రాయరు. ఆ పూచీకత్తు నటుని గౌరవమును కాపాడుచున్నట్లు కనబడుచు, పూచీ యివ్వలేనివారి నెల్లర వెలుపలికి నెట్టుచున్నది.

ఈ పూచీకత్తును చింపినది నాటకము కాదు, సినిమా; అదియు పెద్ద కంపెనీల సినిమా కాదు, చిల్లర డబ్బుతో తీసిన స్వతంత్ర చిత్రములు. జర్మనీలో 1919లోనే రిఖార్డ్ ఓస్వాల్డ్ అను దర్శకుడు, డాక్టర్ మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ సాయముతో ‘ఇతరులకంటె వేఱైనవారు’ అను మూకీ చిత్రము తీసెను. పురుషుని ప్రేమించిన ఒక ఫిడేలు విద్వాంసుని మఱొకడు నూటడెబ్బదియైదవ సెక్షను పేరు చెప్పి బెదిరించి డబ్బు గుంజును. పరువు పోయిన విద్వాంసుడు తుదకు ప్రాణము తీసికొనును. మరుసటియేటనే ఆ చిత్రమును సామాన్యులకు చూపరాదనిరి, వైద్యులకు మాత్రమే యనిరి. తరువాత నాజీలు ప్రతులను నాశము చేసిరి. ఇప్పుడు మిగిలినది కొంతభాగమే. మన దేశమునకు ఆ ధైర్యము రావలెనన్న దాదాపు ఎనుబది యేండ్లు పట్టినది. 1996లో రియాద్ వాడియా, ఆర్. రాజారావు కవితల నాధారముగా గొని ‘బాంగే’ యను చిన్న చిత్రము తీసెను. అదే యేట దీపా మెహతా తీసిన ‘ఫైర్’ ఇద్దరు స్త్రీల ప్రేమకథ; 1998లో అది యిచ్చట ఆడినప్పుడు సినిమాహాళ్ల అద్దములు పగులగొట్టిరి. 2003లో శ్రీధర్ రంగాయన్ ‘గులాబీ ఆయినా’ తీసిరి. అందు ముఖ్యపాత్రలు స్త్రీవేషము కట్టు ఇద్దరు పురుషులు; పాశ్చాత్యులు డ్రాగ్ అని పిలుచు వేషమిదియే. వారు రాత్రి వేషము కట్టి పగలు విప్పి సంసారులైపోరు. నవ్వుదురు, పోట్లాడుకొందురు, ఒకే యువకునిపై మనసుపడుదురు. సెన్సారువారు అసభ్యమని దానికి సర్టిఫికెట్టు నిరాకరించిరి.

అసభ్యత యెక్కడ? మగవాడు చీర కట్టుటయా? ఏడేండ్లకు ముందే, 1996లో, కమల్‌హాసన్ ముసలమ్మ వేషము కట్టిన తమిళచిత్రము తెనుగులో ‘భామనే సత్యభామనే’ యను పేర వచ్చి ఇంటిల్లిపాదిని నవ్వించినది. పేరు సైతము కూచిపూడి సత్యభామది. ‘చిత్రం భళారే విచిత్రం’లో నరేశ్ స్త్రీవేషము కట్టెను. పిల్లలతో కలిసి చూచితిమి, మేమును నవ్వితిమి. వానిలో వేషమునకు కారణము కలదు: అద్దె యిల్లు దొరకలేదు, బిడ్డను చూడవలెను. కారణము తీరగానే చీర విప్పెదరు. ఒడంబడిక చెడలేదు. చీర విప్పనివాడు మన సినిమాలలో కనబడునది రెండు నిమిషములు, పరిహాసమునకు, ‘తేడా’ యను మాటకు. ఆ మాటను మా విద్యార్థులు ఎక్కడ నేర్చిరో మేము వెదకనక్కఱలేకపోయినది.

బెంగాలులో మాత్రము ఒక చిత్రము ఈ రెండరల నడుమ తలుపు తెఱచినది. జాత్రా నాటకములలో రాణుల వేషములు కట్టి ‘చపల్ రాణి’ యని పేరు గొన్న చపల్ భాదుడీ యను నటుడు, జాత్రాలోనికి స్త్రీలు రాగా పని పోగొట్టుకొని, శీతలాదేవి వేషము కట్టి బ్రదికెను. తన ప్రేమ పురుషునితోడిదని ఆయన దాచలేదు. 2010లో కౌశిక్ గంగూలీ తీసిన ‘ఆరేక్‌టి ప్రేమేర్ గల్పో’, అనగా ‘మఱొక ప్రేమకథ’, యందు చపల్ భాదుడీ తానుగనే కనబడెను. ఆయన కథను చిత్రముగా తీయవచ్చిన దర్శకుని పాత్రను రితుపర్ణ ఘోష్ ధరించెను. వేషము కట్టినవాడును, వేషము లేక ప్రేమించినవాడును ఒకే తెరమీద ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుదురు. అందు మమ్ము పట్టి నిలిపినది ఆ దర్శకుని ప్రేమ కాదు. అతడు ప్రేమించిన పురుషునికి భార్య యుండుట. ఆమె గర్భవతి. చిత్రము ఆమె దుఃఖమును ప్రక్కకు త్రోయలేదు.

ఆమెను గుఱించి చెప్పుటకు ముందు మా తప్పొకటి చెప్పవలసియున్నది.

పండ్రెండు పదమూడేండ్ల క్రిందట మేము పనిచేయు పాఠశాలలో వార్షికోత్సవమునకు శ్రీకృష్ణతులాభారమునుండి ఒక ఘట్టము వేయించితిమి. సత్యభామకు తొమ్మిదవ తరగతి బాలుని ఎన్నుకొన్నవారము మేమే. ఎందుకెన్నుకొంటిమి? వాని నడక, చేయి త్రిప్పుట, మాట సున్నితము. ‘నేర్పనక్కఱలేదు, అచ్చు సత్యభామే’ అని తోటి యుపాధ్యాయులతో నంటిమి. వాడు ఆ రాత్రి ఆడిన తీరు ఊరిలో కొన్నాళ్లు చెప్పుకొనిరి. శాలువ కప్పితిమి. వారము తిరుగక మునుపే నల్లబల్లమీద వాని పేరుకు ముందు ఒక మాట వ్రాయబడినది. మేము తుడిచితిమి, వ్రాసినదెవరని అడుగలేదు. నెలకు తండ్రి వచ్చెను. మూడెకరములు కౌలుకు చేయు రైతు. ‘మాస్టారూ, వాడి నడక మార్పించండి. మీరు చెబితే వింటాడు. ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నా’ నని చేతులు పట్టుకొనెను. మేము సరేయంటిమి. ఇంటర్వెలు వేళలలో వాని నొక్కనిని వసారాలో ఈ చివరనుండి ఆ చివరకు నడిపించితిమి. చేతులు ఊపవద్దు, నడుము బిగించు, తల యెత్తు. ఇట్లు ఒక నెల. ఏ నడకకు శాలువ కప్పితిమో ఆ నడకనే.

వాడు పదవ తరగతి ముగించి పోయెను. నిరుడు సంక్రాంతికి మమ్ము చూడవచ్చెను. హైదరాబాదులో ఉద్యోగము, మంచి జీతము. కాఫీ త్రాగిన పిమ్మట ఎత్తిన మాట ఇది: ‘మాస్టారూ, మీరు నన్ను సత్యభామ వెయ్యమన్నప్పుడు ఎంత సంతోషపడ్డానో మీకు తెలియదండి. ఆ రాత్రి నేను వేషం వెయ్యలేదు. తర్వాత మీరు వరండాలో నేర్పించారు చూడండి, అది వేషం. ఇప్పటికీ రోజూ వేసుకునే ఆఫీసుకి వెళ్తున్నా. బాగానే నేర్పారండి.’ వాని గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుచేతనే మాకు కూర్చున్నచోట కూర్చుండ శక్యము గాలేదు.

‘పారిస్ ఈజ్ బర్నింగ్’ అను 1990 నాటి చిత్రమును జెన్నీ లివింగ్‌స్టన్ న్యూయార్కు హార్లెములో తీసినది. నల్లజాతివారును, లాటినువారును నగు పేద యువకులు రాత్రివేళ సభ చేరి వేషముల పోటీ పెట్టుకొందురు. రాణుల వేషములే కావు. ఆఫీసు ఉద్యోగి, సిపాయి, కళాశాల విద్యార్థి, ఇట్టి సాధారణ పురుషుల వేషములును ఉండును. ఎవడు ఎక్కువ సాధారణముగా కనబడునో వానికే బహుమానము. వీథిలో దెబ్బ తినక ఇల్లు చేరగలిగినట్లు నడచుటయే ఆ కళ. మేము వసారాలో నేర్పినది అదియే. వారికి బహుమాన మైన నుండెను.

వెళ్లబోవుచు నతడు గుమ్మమున నిలిచెను. ఇంట సంబంధములు చూచుచున్నారట. ‘చేస్తే అదే సర్దుకుంటుందంటున్నాడండి నాన్న. ఆ పిల్లేం పాపం చేసిందండి?’

ఈ పత్రికను చదువు గృహిణులు ఈ మాటవద్ద కొంచెము సేపు నిలువవలయునని మా కోరిక. మన యిండ్లలో ఇట్టి కుమారునికి తెలిసిన వైద్యమొక్కటే: పెండ్లి. పిల్లను చూచునప్పుడు కట్నము మాటలాడుదుము, జాతకము చూతుము, చదువడుగుదుము. తెలిసిన సంగతిని మాత్రము తెలియనట్లు దాచుదుము. ఎక్కడనో వినుకొండలోనో మాచర్లలోనో పెరిగిన ఆడుబిడ్డ, భర్త తన మొగము చూడకుండుటకు కారణము తన రూపమో, తన జాతకమో యనుకొని పదేండ్లు తనను తాను తినుచు బ్రదుకును. గొడ్రాలని అత్త నిందించును. ఆమెకు నిజము చెప్పువారెవరు? వెనుకటి తరము సంస్కర్తలు అఱువదేండ్ల వృద్ధునికి పదేండ్ల బాలికను కట్టుట పాపమనిరి. తెలిసితెలిసి ప్రేమింపలేనివానికి పిల్లను కట్టుట దానికి చెల్లెలు కాదా? వాని బ్రదుకును పాడగును, ఆమె బ్రదుకును పాడగును. మిగులునది తండ్రి తలయెత్తుకొనుట యొక్కటే. ఆ తలకు రెండు ప్రాణములు వెల.

చట్టము మాఱినది గదా యని కొందరందురు. మాఱినమాట నిజమే. 1860 నాటి మూడువందల డెబ్బదియేడవ సెక్షనును 2009లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము తగ్గించినది, 2013లో సర్వోన్నత న్యాయస్థానము మరల నిలిపినది, 2018 సెప్టెంబరు 6వ తేదీన తానే తీసివేసినది. 2014లో హిజ్రాలకు తమ్ము తాము చెప్పుకొను హక్కు నిచ్చినది. ఒకే లింగమువారి వివాహమును 2023లో ఒప్పుకొనలేదు. ఇవన్నియు ఢిల్లీ సంగతులు. నల్లబల్లమీద వ్రాతకు ఏ న్యాయస్థానమును రాదు; అది ఉపాధ్యాయుడు తుడిచి ఊరకుండునా, అడుగునా యనుదానిపై నున్నది.

మఱికొందరు అర్ధనారీశ్వరుని, మోహినిని, బృహన్నలను చూపి, మన పూర్వులు విశాలహృదయులనియు, సంకుచితత్వమంతయు తెల్లవాడు తెచ్చినదనియు చెప్పుదురు. వారి హృదయము మంచిది. కాని పురాణములో నున్నది గనుక మేలనుట మాకు పనికిరాని త్రోవ. ఆ త్రోవనే బాల్యవివాహమును సమర్థించిరి. పైగా బృహన్నల కథ కూడ ఏడాది గడువు గల వేషమే. ఉత్తరకు నాట్యము నేర్పి, గోగ్రహణమున గాండీవమెత్తి, అర్జునుడు అర్జునుడయ్యెను. విని మనము తృప్తి పొందితిమి. ఆ గడువు లేనివాడు శిఖండి. వాని పేరు ఈనాటికిని మన నోట తిట్టు. మా పలనాటిలో నాయకురాలు నాగమ్మ గురజాలలో మగవారు చేయు మంత్రిత్వము చేసినదని ఎనిమిది వందల యేండ్ల తరువాతను ఆమెను దూఱువా రున్నారు. అరలు దాటినవారిని క్షమించుట మన పూర్వుల వలన నైనంత సులభముగా మనకు రాలేదనుటయు, వారికి వచ్చినదనుటయు, రెండును పరీక్షింపదగిన మాటలే.

ఈ యేడు వార్షికోత్సవమునకు హరిశ్చంద్ర కాటిసీను వేయుదమని నిశ్చయించితిమి. ఇప్పుడు స్త్రీపాత్రలు బాలికలే వేయుచున్నారు, వేయవలసినదే. చంద్రమతికి నలుగురు బాలికలు పేర్లిచ్చిరి. పట్టిక అడుగున, కొట్టివేసి మరల వ్రాసిన అక్షరములతో, ఎనిమిదవ తరగతి బాలుని పేరును ఉన్నది. ఎవరో ఆటపట్టించుటకు వ్రాసిరేమో యని వానిని పిలిచి అడిగితిమి. ‘నేనే రాశాను సార్’ అని నేల చూచెను. అందఱితోపాటు నీవును పద్యము చదువుము, బాగుగ చదివినవారికే పాత్ర యని చెప్పితిమి. వాడు చదివెను. పాత్ర వానికే వచ్చినది. ఆ రోజు తరగతి గదిలో వెనుక బల్లనుండి ఒక మాట వినబడినది. ఈసారి అన్నదెవరో కనుగొంటిమి. ఆ పిల్లవానితో గంటసేపు మాటలాడితిమి.

ఆదివారము చంద్రమతి తండ్రిని చూడబోవుచున్నాము. నాటకము తరువాత ఆయన మావద్దకు వచ్చుటకంటె ముందే మేము వెళ్లుట మేలనిపించినది. ఆయన యింట లేడట, నాగులేటి కవతల కళ్లములో కాయలు కాచుకొని యున్నాడట. ఎండ ముదురక మునుపే బయలుదేరవలెను.